మెల్లిగా గారి జిగురు లేని పట్టీ

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. పనిచోట మాత్రం అందరికీ మెల్లిగా గారే. తలుపు తెరిచేవాడికి మెల్లిగా, కుర్చీ జరిపేవాడికి మెల్లిగా, ఆఖరికి తుమ్మబోతున్నవాడికి కూడా మెల్లిగా అని చెప్పే మనిషిని ఇంకేమని పిలుస్తారు? మొదట చాటుగా అనుకున్నారు, తర్వాత ఎదురుగానే పిలిచారు. ఆయన పలికాడు. దాంతో అదే ఖాయమైపోయింది.

ఆయన పని గురించి చెప్పాలంటే కాస్త ఓపిక పట్టాలి. అద్దంలా మెరిసే ఒక నల్లని బిళ్ల ఉంటుంది. దాని మీద ప్లాస్టిక్‌ని కరిగించిన ద్రవం ఒక చుక్క వేసి, గిర్రున తిప్పుతాడు. చుక్క పరుచుకుని పొర అవుతుంది. తలవెంట్రుకను నిలువునా వందల ముక్కలుగా చీల్చగలిగితే అందులో ఒక ముక్క ఎంత మందమో ఆ పొర అంత. ఆ పైన, కరెంటు పారే పూత పూసిన ఒక గాజు పలకను దించుతాడు. దించుతాడే గానీ ఆనించడు. అంచుల్లో ఉండే సన్నని ఆసరాల మీద పలక నిలుస్తుంది, పొరకూ పలకకూ మధ్య కంటికి ఆనని ఖాళీ మిగులుతుంది. అప్పుడు కింద వేడి పెడతాడు. పొర మెత్తబడుతుంది. బిళ్లకొక తీగ, పలకకొక తీగ కలిపి కరెంటు ఇస్తాడు. ఇంక ఆయన చేసేదేమీ లేదు, చూడటమే. ఆ విద్యుత్తు లాగుడుకి మెత్తని పొర మీద అలలు లేస్తాయి, అలలు బుడిపెలవుతాయి, బుడిపెలు స్తంభాలై ఎదిగి పైపలకను అందుకుంటాయి. కరెంటు తియ్యకుండా చల్లారిస్తే ఎక్కడివక్కడ గట్టిపడిపోతాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే తేనెపట్టు గదుల్లా వరుసలు తీరి నిలబడి ఉంటాయి. వాటిని ఎవరూ చెక్కలేదు, ఎవరూ వేలితో తాకలేదు. తాకితే చెడిపోతాయి.

మధ్యలో ఒక్క ధూళికణం పడిందా, ఇంతే సంగతులు. దాని చుట్టూ స్తంభాలు పువ్వులా గుండ్రంగా లేస్తాయి. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, పనికి మాత్రం రాదు. అందుకే పలక దించేటప్పుడు ఆ గదిలో ఒక ఆచారం ఉంది. ఆయన ఎడమచెయ్యి పైకెత్తాడంటే ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోవాలి, ఊపిరి కూడా బిగబట్టాలి. కుడిచేత్తో ఆయన పలక దించి, ఎడమచెయ్యి కిందికి తెస్తే అప్పుడు కదలాలి. ఆ ప్రయోగశాలకు అధికారి అయిన పెద్ద మేడమ్‌కి కూడా మినహాయింపు లేదు. ఒకసారి ఆవిడ ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఉండగా ఈయన చెయ్యి లేచింది. అవతలివాళ్లు హలో హలో అని గొంతు చించుకుంటున్నా ఆవిడ పెదవి కదపలేదు. ఆ అవతల ఉన్నది ఆవిడ భర్త. ఆ తర్వాత ఇంట్లో ఏం జరిగిందో మనకు అనవసరం.

ఇంత మెలకువ ఈయనకు ఎక్కడి నుంచి వచ్చిందా అని కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు. పాతవాళ్లకు తెలుసు, కానీ ఆ మాట ఎత్తరు.

ఆయనకు ఒక్కతే కూతురు. ఇంట్లో పిచ్చుక అంటారు. నోరు మూతపడదు కనుక ఆ పేరు. ఆ పిల్లకు చర్మం పొరలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉండవు. పుట్టుకతో వచ్చిన జబ్బు. బట్ట అంచు ఒరుసుకుంటే చాలు పొక్కుతుంది, పొక్కిన చోట చిట్లుతుంది, చిట్లిన చోట పుండవుతుంది. ఒకటి మానేలోగా ఇంకోటి. పూర్తిగా నయం చేసే మందేదీ తమ దగ్గర లేదని, కంటికి రెప్పలా కాపాడుకోవడమేనని డాక్టర్లు చెప్పారు. చెప్పడం తేలికే. కంటికి రెప్ప కూడా ఒరుసుకుంటుందని వాళ్లకు ఎవరు చెప్తారు?

పిల్ల నెలల బిడ్డగా ఉన్నప్పుడు, జబ్బు పేరేమిటో ఇంకా తేలని రోజుల్లో, ఒక ఉదయం గుక్కపెట్టి ఏడ్చింది. తల్లి స్నానానికి వెళ్లింది. ఈయన అందరు తండ్రుల్లాగే రెండు చేతులూ చంకల కింద పెట్టి పిల్లను ఎత్తుకున్నాడు. ఏడుపు ఇంకా పెరిగింది. పక్కమీద పడుకోబెట్టి చూసుకుంటే అరచేతులు తడిగా ఉన్నాయి. పిల్ల చంకల కింద చర్మం ఆయన చేతులతో వచ్చేసింది.

మీ తప్పేం లేదు, ఎవరి చేతులైనా అంతే అని డాక్టరు ఒకటికి పదిసార్లు చెప్పింది. ఆ మాట ఆయన చెవికెక్కింది గానీ చేతులకెక్కలేదు. ఆ రోజు నుంచి పిల్లను ఒట్టి చేతులతో తాకలేదు. ఎత్తుకోవాలంటే మెత్తని దిండు మీద పడుకోబెట్టుకుని దిండుతో సహా ఎత్తాడు. అన్నం చెంచాతో పెట్టాడు. ముద్దు గాలిలో పెట్టాడు. పిల్ల కూడా అదే అలవాటైపోయి గాలిలోనే అందుకుంది. దానికి ఇప్పుడు బడికి వెళ్లే వయసు వచ్చి, దాటిపోతోంది కూడా.

సాయంత్రం కట్లు విప్పి మళ్లీ కట్టే పని తల్లిది. గోరువెచ్చటి నీళ్లతో నానబెట్టి, పాత గుడ్డను పిల్లకు తెలియకుండా ఊడదీయడంలో ఆవిడకు ఉన్న ఒడుపు చూసి తీరాలి. ఈయన మాత్రం ఆ గది గుమ్మం ఇవతల నిలబడతాడు. నీళ్లు చల్లారితే వేడినీళ్లు అందిస్తాడు, కొత్త గుడ్డలు అందిస్తాడు, ఆయింట్‌మెంట్ గొట్టం మూత తీసి అందిస్తాడు. లోపల పిల్ల కబుర్లు చెప్తుంటే ఇవతల నుంచి ఊఁ కొడతాడు. కబుర్లు ఆగి ఒక్కసారి నిశ్శబ్దమైందంటే ఎక్కడో నొప్పి పుట్టిందని అర్థం. అప్పుడు ఆయన గుమ్మాన్ని గట్టిగా పట్టుకుంటాడు. అది ఊడిరాదు కదా.

చేతులకూ కాళ్లకూ ఉన్న పుండ్ల మీద గుడ్డ పెట్టి, చుట్టూ మెత్తని కట్టు చుడితే ఆగుతుంది. చిక్కంతా వీపు మీద పుండుతోనే. ఎడమ భుజం వెనక, రెక్క ఎముక మీద అరచేయంత పుండు. అక్కడ కట్టు చుట్టినా నిలవదు, పిల్ల రెండుసార్లు చెయ్యెత్తితే జారిపోతుంది. పోనీ ప్లాస్టర్ అంటిద్దామంటే, తీసేటప్పుడు ప్లాస్టర్‌తో పాటు చుట్టూ ఉన్న చర్మం కూడా వస్తుంది. గుడ్డ జారి, పుండుకి బట్ట ఒరుసుకుని, పిల్ల బడికి వెళ్లిన నాలుగు రోజుల్లోనే పుండు రెండింతలైంది. బడి మానిపించారు.

టీచరమ్మ మంచిది. ఇంటికి వచ్చి మరీ చెప్పింది. “మిగతావన్నీ నేను చూసుకుంటానండీ, విడిగా కూర్చోబెడతాను, పిల్లలెవరినీ మీద పడనివ్వను. ఆ వీపు మీద గుడ్డ ఒక్కటి సాయంత్రం దాకా జారకుండా చూడండి చాలు, పంపించేయండి.”

ఆ ఒక్కటే కావాలి. ఆ ఒక్కటే చేతకాలేదు.

ఇలా ఉండగా ఒకరోజు ప్రయోగశాలకు ఏదో ఫ్యాక్టరీవాళ్లు వచ్చారు. పల్చటి గాజు రేకులను మరక పడకుండా పట్టుకుని ఎత్తే పట్టీ వాళ్లకు కావాలి. పెద్ద మేడమ్ వాళ్లకు వివరిస్తోంది. ఈ స్తంభాల మీద మెత్తని రబ్బరు పోసి అచ్చు తీస్తాం, ఆ అచ్చులో మళ్లీ రబ్బరు పోస్తే రబ్బరు స్తంభాలు వస్తాయి, జిగురనేదే ఉండదు, బల్లి గోడను పట్టుకున్నట్టు అన్నీ కలిసి పట్టుకుంటాయి, ఒక అంచు నుంచి ఒలిస్తే ఏమీ లాగకుండా వదిలేస్తాయి అంది. “ఎప్పటికైనా పుండ్ల మీద వేసే పట్టీలకు కూడా పనికొస్తుందేమో” అని చివర్లో ఒక మాట చేర్చింది. వచ్చినవాళ్లు తలలూపి గాజు సంగతే మళ్లీ అడిగారు. మూలన బిళ్లలు తుడుస్తున్న మెల్లిగా గారి చేతిలో గుడ్డ మాత్రం ఆగిపోయింది.

ఇన్నేళ్లుగా తాను చేస్తున్నది ఏమిటో ఆయనకు ఆ పూటే తెలిసినట్టయింది. మర్నాడు మేడమ్ గదిలోకి వెళ్లాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

“మేడమ్, మా పిచ్చుక సంగతి మీకు తెలుసు కదా. వీపు మీదికి ఒక పట్టీ చేసుకుంటాను.”

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. “నేను నిన్న ఆ మాట అనకుండా ఉండాల్సింది. మనం చేసేది గాజుకి. మనిషి ఒంటి మీద పెట్టాలంటే ఎన్నో పరీక్షలు కావాలి, అందులోనూ మీ పాపలాంటి ఒంటి మీద. నేను రాసి ఇవ్వలేను, మిమ్మల్ని చెయ్యమని చెప్పలేను.”

“చెయ్యొద్దని చెప్తున్నారా?”

ఆవిడకూ పిల్లలున్నారు. “పనికిరాని బిళ్లలు చెత్తలోకి వెళ్తాయి. చెత్తలోకి వెళ్లాక నేను చూడను” అంది.

అంతే, ఆయన చెత్తను మహా భక్తిగా ఏరడం మొదలుపెట్టాడు. ఒక మూల దుమ్ము పడి చెడిన బిళ్లకు మిగతా మూడు మూలలూ బాగానే ఉంటాయి కదా. ఆ బాగున్నంత మేర గోరంత గోరంత ముక్కలు కోసి, పక్కపక్కనే పేర్చి, గోరంతను కొండంత చేసే పనిలో పడ్డాడు. గోడ మీది పటానికి కట్టే చట్రం ఉంటుంది చూడండి, అలా మధ్యలో ఖాళీ వదిలి నాలుగు వైపులా స్తంభాలుండే పట్టీ కావాలి. ఖాళీలో పుండు మీది గుడ్డ ఉంటుంది, చట్రం చుట్టూ ఉన్న మంచి చర్మాన్ని పట్టుకుంటుంది. పేర్చిన ముక్కలతో అచ్చు తీసి రబ్బరు పోస్తే, మొదటి పట్టీలో గాలి బుడగలు పడ్డాయి. రెండోది అచ్చులోంచి ఊడదీస్తుంటే చిరిగింది. ఎన్ని పోసి ఎన్ని పారేశాడో ఆయనే లెక్క మరిచాడు. చివరికి ఒకటి కుదిరింది. పల్చగా, మెత్తగా, చేతిలో పెట్టుకుంటే ఉందో లేదో తెలియనట్టుగా.

ఇల్లు అలకగానే పండగ కాదని ఆయనకూ తెలుసు. ముందు తన మీద పరీక్షించాడు. ముంజేతికి అంటించుకుంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదల్లేదు. ఒలిస్తే ఒక్క వెంట్రుక కూడా రాలేదు. ముంజేతి చర్మం మొరటుది, లెక్కలోకి రాదనుకుని మెడ మీద పెట్టుకున్నాడు. అది కూడా చాలదని కంటి కింద అంటించుకుని బస్సెక్కాడు. ఎదుటి సీట్లో ముసలావిడ జాలిపడి, కట్టుకున్నదాన్ని కొట్టే మగాళ్లను చూశాను గానీ కొట్టించుకున్నవాణ్ని ఇప్పుడే చూస్తున్నాను నాయనా అంది. ఆయన నవ్వుతూ దిగాడు. ఆ నెలల్లో ఆయన నవ్వడం ఇంట్లోవాళ్లు కూడా చూశారు, ఎందుకో వాళ్లకు అర్థం కాలేదు.

ఉతికి మళ్లీ అంటించి చూశాడు, చెమటలో చూశాడు, భుజం ఎగరేసి చూశాడు. చూడనిదంటూ లేదు అనుకున్నాడు. ఆ నమ్మకంతో ఒకరోజు పొద్దున పనికి బయలుదేరుతూ ఆయన జన్మలో చెయ్యని పని చేశాడు. తొందరపడ్డాడు.

“పిచ్చుకా, సంచి సర్దిపెట్టుకో. రేపటి నుంచి బడికి” అని పిల్లతో అనేశాడు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి సంచి సర్దేసి గుమ్మం పక్కన ఉంది. నీళ్ల సీసా కూడా నింపేసి ఉంది. రేపటి నీళ్లు ఈ రోజే ఎందుకే అని తల్లి అడిగితే, రేపు మరిచిపోతే ఎవరిది పూచీ అందట.

కట్లు కట్టడం అంతా అయ్యి, వీపు ఒక్కటి మిగిలింది. తల్లి పుండు మీద గుడ్డ పరిచి, చుట్టడానికి కట్టు అందుకోబోయింది. అప్పుడు ఆయన గుమ్మం దాటి లోపలికి వచ్చి, డబ్బా తెరిచి పట్టీ చూపించాడు. ఏమిటో, ఎలా చేశాడో చెప్పాడు. తన చేతికి అంటించి ఒలిచి చూపించాడు. భార్య ఆ చేతినీ పట్టీనీ మార్చి మార్చి చూసింది. ఆవిడ ఏ మాటనూ తేలిగ్గా నమ్మే మనిషి కాదు, నమ్మి నమ్మి మోసపోయిన మనిషి. అయినా ఆవిడ ముఖంలోకి ఆశ వచ్చేసింది. దాన్ని చూడకపోయి ఉంటే బాగుండేదని ఆయన తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

“మీరే పెట్టండి” అంది.

“నువ్వు పెట్టు. మెల్లిగా.”

ఆవిడ పెట్టింది. పట్టీ ఒక్క క్షణం నిలిచింది. తర్వాత గుడ్డను కూడా తీసుకుని వీపు మీద నుంచి నడుం దాకా జారింది. మళ్లీ పెట్టింది. మళ్లీ జారింది.

“జారుడుబల్ల” అని పిచ్చుక కిలకిలా నవ్వింది.

ఆయన పట్టీని తీసుకుని వెలుగుకి పెట్టి చూశాడు. స్తంభాలకు ఏమైంది? అచ్చు సరిగ్గానే ఉంది, అంచులు బాగానే ఉన్నాయి. రబ్బరు మీద ఏదో నిగనిగలాడుతోంది. వేలితో రాస్తే జిడ్డుగా తగిలింది.

“ఆయింట్‌మెంట్ ఉంది కదండీ” అంది భార్య.

“పుండు మీదే కదా రాసేది? ఇది పక్కన ఉండే చర్మానికి.”

“ఒళ్లంతా రాస్తాను. మెడ దగ్గర్నుంచి మడమల దాకా. రాయకపోతే ఎండిపోయి, మంచి చర్మం కూడా పగిలిపోతుంది. పుట్టినప్పటి నుంచీ రాస్తున్నాను కదా.” ఆవిడ గొంతులో నిష్ఠూరం కూడా లేదు. “మీకు తెలియదా?”

ఆ ఆయింట్‌మెంట్ గొట్టాలు కొనుక్కొచ్చేది ఆయనే. మందుల షాపువాడు ఈయన్ని దూరం నుంచి చూసే తీసిపెడతాడు. ఒక్క పుండుకి రాసే మందు అంత త్వరగా ఎలా అయిపోతుందని ఒక్కసారి కూడా అనుకోలేదు. పొర మీద కంటికి కనపడని దుమ్మును కనిపెట్టే మనిషికి, కూతురి ఒళ్లంతా జిడ్డుగా ఉంటుందని తెలియలేదు. తాకినవాళ్లకు తెలుస్తుంది. తాకనివాడు తన పొడి చేతి మీద, పొడి మెడ మీద పరీక్షించుకున్నాడు.

“ఆ చుట్టూరా తుడిచేస్తే?” అన్నాడు. అడుగుతున్నప్పుడే జవాబు తెలుసు.

“తుడిస్తే ఊడొస్తుంది.”

ముందుగా పిచ్చుకే తేరుకుంది. “అయితే రేపు బడి లేదా?” అని అడిగింది. ఆయన పట్టీని డబ్బాలో పెట్టి మూత వేస్తుంటే చూసి, “నీళ్లు పారబోయకండి, నేను తాగుతాను” అంది.

ఆ మాటతో తల్లి లేచింది. ఇన్నేళ్లలో ఆ పని మధ్యలో లేవడం అదే మొదలు. “ఆ పట్టీ జారిన చోటంతా మందు పోయింది, మళ్లీ రాయాలి. మీరు రాయండి. ఈ పూట నాకు చేతకావడం లేదు” అని గొట్టం ఆయన చేతిలో పెట్టి, ఆయన ఎప్పుడూ నిలబడే చోటికి, గుమ్మం అవతలికి వెళ్లిపోయింది. అక్కడ నుంచి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

“అమ్మ వచ్చేస్తుంది, ఉండు” అన్నాడు.

“చలేస్తోంది నాన్నా.”

ఆయన కూర్చున్నాడు. సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి మళ్లీ కూర్చున్నాడు. వేలి చివర మందు తీసుకున్నాడు. ఆ వీపు అంత దగ్గరగా ఉంది. మానిన చోట తళతళలాడుతూ, మానని చోట ఎర్రగా, మధ్యలో పల్చటి పొరగా. మోచేయి మోకాలికి ఆనించి, గాజు పలకను దించినట్టే వేలిని దించసాగాడు. అలవాటు కొద్దీ ఆయన ఎడమచెయ్యి పైకి లేచింది. పనిచోటి ఆ ఆచారం పిల్లకు కథగా ఎన్నోసార్లు చెప్పాడు. గోడ మీద ఆ చేతి నీడ చూసి అది ఠక్కున ఊపిరి బిగబట్టింది.

గుమ్మం అవతల చీదడం కూడా ఆగింది. ఆయన వేలు దించుతూనే ఉన్నాడు. ఇంక ఆనిందనుకున్నాడు. భుజం మీద నుంచి పక్కకు, పక్క నుంచి కిందికి, జాగ్రత్తగా రాసుకుంటూ పోయాడు.

“అయిపోయింది తల్లీ” అన్నాడు.

పిల్ల కదల్లేదు. చెంపలు ఉబ్బించుకుని కాసేపు ఓర్చుకుంది.

“ఇంకా తాకలేదు నాన్నా” అంది చివరికి. “నేను ఊపిరి తీసుకోనా?”

తీసుకోమన్నాడు. వేలి చివర మందు తీసినంతా అలాగే ఉంది. వేలికీ వీపుకీ మధ్య, కంటికి ఆనీ ఆననంత ఖాళీ కూడా అలాగే ఉంది. పిల్ల ఊపిరి తీసుకుంది, వీపు కొంచెం పైకి లేచింది, ఆయన వేలు కూడా అంతే పైకి జరిగింది.